ఏమీ అడగని పిల్ల

నూనె ఇంకా కాగలేదు. చిటికెడు పిండి వేసి చూస్తే అడుక్కి పోయి అక్కడే కూర్చుంది అలిగిన పిల్లలా, కాసేపటికి ఒక బుడగ, ఇంకో బుడగ, ఆ తర్వాత మెల్లగా పైకి లేచింది. లేస్తావులే, లేవక ఎక్కడికి పోతావు, అని దానితో అనేసి నవ్వుకున్నాను. గరాజ్ తలుపు జానెడు ఎత్తి ఉంచాను పొగ పోవడానికి. ఆ సందులోంచి వచ్చే గాలికి పాదాలు కొయ్యబారుతున్నాయి, మూకుడు సెగకి మొహం ఉడికిపోతోంది, కింద పుష్యమాసం, పైన రోహిణీ కార్తె, రెండు కాలాలూ ఒక్క మనిషిలోనే. ఏప్రిల్ సగానికి వచ్చినా ఈ ట్రాయ్ ఊళ్లో మంచు పడుతూనే ఉంది. రెండు రేకులు సందులోంచి దూరి స్టవ్వు దాకా రాబోయి మధ్యలోనే కరిగిపోయాయి. పెళ్లయి వచ్చిన కొత్తలో మొదటిసారి మంచు చూసి చెప్పుల్లేకుండా బయటికి పరుగెత్తాను, నా చెప్పులు చేత్తో పట్టుకుని లోకేష్ వెనకాలే పరుగెత్తాడు, ఆ పరుగు గుర్తొస్తే ఇప్పటికీ కడుపులో గిలిగింతలు. ఇంట్లోకి వెళ్లే తలుపు నా ఎడమ పక్కన ఉంది, రెండు మెట్ల పైన. ఆ తలుపు తెరుచుకుని లోకేష్ వస్తాడు. వచ్చి చెప్తాడు. పొద్దున కార్లో అన్నాడు కదా, అక్కతో ఒక మాట అనుకుని సాయంత్రంలోపు చెప్తాను చందూ, అని. ఈ రోజు దాటితే యూనివర్సిటీలో నాకొచ్చిన ఆ సీటు ఇంకొకరికి వెళ్లిపోతుంది.

లోకేష్ అక్క, మా శ్రీవిద్య వదిన, తన ఇంటి లోపలి వంటింట్లో పోపు కూడా వేయనివ్వదు. వేయిస్తే వాసన కార్పెట్‌లోకి పోతుందట, అక్కణ్ణించి కోట్లలోకి, కోట్లలోంచి ఆఫీసులోకి. రేపెప్పుడో ఇల్లు అమ్మకానికి పెడితే కొనడానికి వచ్చినవాళ్లు గోడల్ని వాసన చూస్తారట. అందుకని గరాజ్‌లో ఒక గ్యాస్ స్టవ్వు, ఒక మడత బల్ల, ఒక గ్రైండరు. ఇక్కడ మనవాళ్ల ఇళ్లలో చాలావాటికి ఇలా రెండో వంటిల్లు ఉంటుందని తెలిసి మొదట్లో ఎంత ముచ్చటపడ్డానో. కారు పక్కన కూర్చుని వడియాలు వేయించడం, మంచు తవ్వే పారకి తగిలించిన చిల్లుల గరిటె, అన్నీ బొమ్మరిల్లు ఆటలా ఉండేవి. ఇవాళ వదిన వాళ్లకి గ్రీన్ కార్డు వచ్చినందుకు సత్యనారాయణ వ్రతం. ఎన్నేళ్లో ఎదురుచూసిన కార్డు, పళ్లెంలో పసుపు కుంకుమల పక్కన పెట్టి దానికీ ఓ అక్షింత వేశారు, చూసి నేను, లోకేష్ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వు ఆపుకోలేక చచ్చాం. వ్రతం అయింది, ప్రసాదం పంచుతున్నారు, ఇప్పుడు వేడివేడిగా గారెలు వెళ్లాలి. వచ్చినవాళ్ల కోట్లన్నీ మేడ మీద మంచం మీద కుప్పగా పడి ఉన్నాయి, ఎరుపు, నీలం, బొచ్చు టోపీలతో, ఏదో జంతువుల సంతలా. నా కోటు మాత్రం ఇక్కడే, స్టవ్వు వెనక మేకుకి. నువ్వెలాగూ గరాజ్‌లోనేగా చంద్రికా, పైకెందుకు మళ్లీ, అంది వదిన. నిజమేగా, పైకెందుకు.

కాగింది. చేయి తడి చేసుకుని పిండి ముద్ద తీసుకుని అరచేతి మీద తట్టి మధ్యలో వేలితో చిల్లు పెట్టి జార్చాను. ఈ జార్చడంలో ఉంది సుఖమంతా. చేతిని వదలనట్టే వదిలి, నూనెలో పడి, చుట్టూ తెల్లటి నురగ కట్టుకుని, పెళ్లికూతురు ముసుగేసుకున్నట్టు. ఒకటి, పక్కన ఇంకొకటి. చిల్లు ఎందుకు పెడతారే అని చిన్నప్పుడు అమ్మని అడిగితే, మధ్యలో పచ్చిగా ఉండిపోకుండా, అంది. అమ్మ ఏదైనా ఇంతే, ఒక్క ముక్కలో చెప్పేసి పనిలో పడిపోతుంది. కాకినాడలో మా కాలేజీ ఆడపిల్లల హాస్టల్లో అమ్మ వంటమనిషి. ఇప్పటికీ. అందరూ సుబ్బులమ్మా సుబ్బులమ్మా అంటారు, ప్రిన్సిపాల్ గారు కూడా. మెస్ వెనక గదిలో మేమిద్దరం ఉండేవాళ్లం, బియ్యం బస్తాల మీద కూర్చుని చదివేదాన్ని, లైబ్రరీ పుస్తకాల్లో పసుపు వేలిముద్రలు పడేవి, మేడమ్ తిట్టేవారు కాదు. మేడమ్ అంటే రాధారాణి గారు, ఇంగ్లీషు లెక్చరరు. లోకేష్ వాళ్ల అమ్మ. ఇప్పుడు మా అత్తగారు. ఎంత వింతగా ఉంటుందో ఆ మాట, అత్తగారు. నాకు నవలలు చదవడం నేర్పినావిడ, మూడు వందల ఏళ్ల కిందటి ఇంగ్లీషు పనిపిల్లల కథలు, పెద్దింట్లో పనికి చేరిన పిల్ల, ఆ ఇంటి యజమాని కన్ను, ఆ పిల్ల ఏడుపు, ఆ పిల్ల ప్రార్థన, చివరికి ఆ యజమానితోనే పెళ్లి, ఊరి గొప్పవాళ్లంతా బళ్లు కట్టుకుని ఆమెని చూడడానికి రావడం. మేడమ్ క్లాసులో చెప్పేవారు, ఆమె ఏమీ ఆశించలేదమ్మా, అందుకే అంత ఎత్తుకి వెళ్లింది. నేను ముందు బెంచీలో కూర్చుని రాసుకునేదాన్ని. ఏమీ ఆశించలేదు.

తలుపు తెరుచుకుంది. తలెత్తాను, లోకేష్ కాదు. దమయంతి ఆంటీ, ఈ వీధి చివర ఉంటారు, ఆవిడ భుజం మీంచి వదిన మొహం.

"ఏమ్మా కొత్త పెళ్లికూతురా, నీకు గరాజ్‌లో కాపురం పెట్టించిందా మీ వదిన?"

"హనీమూన్ ఇక్కడే అంటున్నాడు ఆంటీ మా ఆయన. స్టవ్వు ఉంది, చలి ఉంది, ఇంకేం కావాలంటాడు."

ఆంటీ పకపకా నవ్వారు. ఒక గారె చేతిలోకి తీసుకుని ఊదుకుంటూ, "అబ్బ, ఇది నేర్చుకుంటే వచ్చేది కాదు. మీ అమ్మగారి చేయేనా? ఆవిడ కూడా రాధారాణి గారితో పాటేగా, ఏం సబ్జెక్ట్ చెప్పేవారు?"

నేను నోరు తెరిచేలోపే వదిన అంది, "ఇద్దరిదీ ఒకే కాలేజీ ఆంటీ. రండి, తలుపు తెరిచి ఉంటే స్మెల్ అంతా లోపలికి వచ్చేస్తోంది."

తలుపు మూసుకుంది. ఒకే కాలేజీ. అబద్ధం కాదు, అదే అందులో అందం. పెళ్లిచూపులప్పుడు మొదటిసారి ఎవరన్నారో గుర్తులేదు, ఇద్దరిదీ ఒకే కాలేజీ అని, విన్నవాళ్లంతా ఇద్దరు లెక్చరర్లని ఊహించుకుని తలలూపారు, నేను, అమ్మ గదిలోకి వెళ్లి ఆ రాత్రి నవ్వుకున్నాం కూడా. తప్పేముందే, అదే కాలేజీ కదా, అదే గేటు, అదే గంట, అంది అమ్మ. నవ్వుతూనే అంది. ఇక్కడికొచ్చాక ఆ మాట ఎన్ని డ్రాయింగ్ రూముల్లో విన్నానో. వదిన అంత చప్పున అందుకుంటుందే, జారిపోయే గ్లాసుని పట్టుకున్నట్టు. గారెలు తిప్పాలి. ఇటువైపు ఎర్రబడ్డాయి. కులం కలిసింది కాబట్టి మిగతాది మనం కలుపుకుందాం అన్నారట మామగారు, లోకేష్ చెప్పాడు, ఎంత మంచి మాట అనుకున్నాను అప్పుడు. మిగతాది. మిగతాది అంటే అమ్మ. పెళ్లి రోజు అత్తగారు అమ్మ చెయ్యి పట్టుకుని, ఈ రోజు మీరు పెళ్లికూతురి తల్లి, వంటల వైపు వెళ్లకండి, అన్నారు, అందరూ ఆహా అన్నారు. అమ్మ ముందు వరసలో కుర్చీలో కూర్చుంది. చేతులు ఒళ్లో పెట్టుకుంది, తీసి కుర్చీ చేతుల మీద పెట్టింది, మళ్లీ ఒళ్లోకి తెచ్చుకుంది. తలంబ్రాలప్పుడు నేను నవ్వుతున్నాను, లోకేష్ ముత్యాలన్నీ నా మెడలోకి పోస్తున్నాడు చల్లగా, ఆ నవ్వులోంచి చూశాను, అమ్మ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక పమిట కొంగు కింద దాచుకుంటోంది.

ఈ పళ్లెం నిండింది. దించి, కాగితం మార్చి, ఇంకో వాయి. పిండి గిన్నె ఇంకా బరువుగానే ఉంది. అల్యూమినియం ట్రేని ఎక్కడ ఆనించాలా అని చూస్తే గోడకి పెద్ద అట్టపెట్టె నిలబెట్టి ఉంది, పలచగా, మనిషంత పొడుగున. కిందటి ఆదివారం వచ్చినప్పటి నుంచీ ఉంది అక్కడే. టీవీ అనుకున్నాను, గ్రీన్ కార్డు వచ్చిన ఆనందంలో కొనుక్కుని ఉంటారు, పెద్ద తెర మీద అందరం కలిసి సినిమా చూడొచ్చు, లోకేష్ భుజం మీద తల పెట్టుకుని. చిన్న చిన్నవాటికి ఇంత సంబరపడతావేం చందూ అంటాడు. నిజంగానే పడతాను. డ్రయ్యర్‌లోంచి తీసిన బట్టలు మొహానికి అదుముకుంటే ఎంత హాయి. కారెక్కేసరికి సీటు వెచ్చగా ఉండేలా ముందే ఆన్ చేసి పెడతాడు, నా కోటు జేబులో తెలియకుండా చాక్లెట్ పెడతాడు, నేను దాన్ని కనిపెట్టినట్టు నటించడానికి రోజూ ఒకసారి జేబులో చెయ్యి పెడతాను. కిందటి వారం చాక్లెట్‌తో పాటు ఒక ఎండిన కరివేపాకు రెబ్బ వచ్చింది, ఇక్కడ నా కోటు మీదికి ఎగిరి పడిందే ఎప్పుడో. ఇద్దరం నవ్వాం. లోకేష్ కొనిచ్చిన ఆ కోటే వేసుకుని ఫిబ్రవరిలో నాకు సీటిచ్చిన ఆ యూనివర్సిటీకి వెళ్లాను, సగం రోజు కారు ప్రయాణం, లోకేషే తీసుకెళ్లాడు. వచ్చే సెప్టెంబరు నుంచి చేరితే చదువుకుంటూ చదువు చెప్పవచ్చు, ఫీజు లేదు, చిన్న జీతం కూడా. ఓ గుండ్రటి బల్ల చుట్టూ తొమ్మిదీ పదీ మంది కూర్చుని పాత నవలల గురించి మాట్లాడుతుంటే గంటసేపు నేను ఊపిరి మర్చిపోయాను. నన్నూ అడిగారు. పనిపిల్ల ఏమీ ఆశించలేదని అందరూ అంటారు, నేను నమ్మను, అన్నాను. ఆశించింది. ఆశించినట్టు కనపడకుండా ఉండడమే ఆ ఇంట్లో ఆమె అసలు పని, అంట్లు తోమడం కాదు. ఆ నవలల్లో పైకెళ్లిన ఆడవాళ్లు రెండే రకాలు, అడగకుండా ఇస్తే తీసుకున్నది, కావాలని చేయి చాచింది, మొదటిదానికి పెళ్లి చేస్తారు, రెండోదాన్ని ఊరి చివర గదిలో జబ్బు చేయించి చంపుతారు, రెండింటికీ కావలసింది ఒకటే. నా పక్కన కూర్చున్న తెల్లమ్మాయి తలూపుతూ రాసుకుంది. రాసుకుంటూ కుర్చీ కొంచెం అటు జరుపుకుంది. అప్పుడు తెలిసింది, గది వెచ్చగా ఉంది, నా కోటు వెచ్చబడింది, దాంట్లోంచి ఈ గరాజ్ లేస్తోంది, మాడిన నూనె, ఇంగువ. కోటు తీసి కుర్చీ కిందికి తోసేశాను. తిరుగు ప్రయాణంలో ఆ మాట లోకేష్‌కి చెప్పలేదు, సంతోషం పాడవుతుందని.

చందనం సబ్బు. ఎందుకు గుర్తొచ్చింది ఇప్పుడు. డిగ్రీ మొదటి సంవత్సరంలో మేడమ్ నన్ను స్టాఫ్ రూముకి పిలిచి కాగితంలో చుట్టిన సబ్బు చేతిలో పెట్టారు, మైసూరు నుంచి తెచ్చాను, రోజూ క్లాసుకి వచ్చేముందు దీంతో స్నానం చెయ్యమ్మా, అన్నారు. ఎంత పొంగిపోయానో. వాడితే అరిగిపోతుందని వాడలేదు, బట్టల మధ్య దాచుకున్నాను, పెట్టె మూత తీసినప్పుడల్లా ఆ వాసనకి కళ్లు మూసుకునేదాన్ని, మేడమ్ నాకిచ్చారు, నాకే ఇచ్చారు. ఇన్నేళ్లు ఆ వాసన నాకు బహుమతి వాసనే. ఈ సెగలో, ఈ మేకు పక్కన నిలబడి ఉండగా, ఇప్పుడు, వేలితో గారెకి చిల్లు పెడుతూ ఉండగా తెలిసింది ఆ సబ్బు ఎందుకిచ్చారో. ఎవరో ముందు బెంచీలో నా పక్కనుంచి దూరం జరిగి ఉంటారు. ఎవరో చెప్పి ఉంటారు. వేలు అలాగే ఆగిపోయింది, గారె అరచేతి మీద, తడి ఆరి అంటుకుపోయింది, వదలదు. చెయ్యి మళ్లీ నీళ్లలో ముంచాను. మేడమ్ మంచివారు. మంచివారే. నన్ను కోడలిగా చేసుకునేటప్పుడు చుట్టాలందరికీ ఫోన్లో ఒకటే మాట చెప్పారట, ఏమీ అడగని పిల్ల. లోకేష్ కూడా అదే అంటాడు, నా జుట్టులో మొహం పెట్టి, నువ్వు ఏమీ అడగవు చందూ, అదే నాకు నీలో నచ్చింది. ఎంత తీపిగా వినిపించేదో. ఆ సీటు మాత్రం అడిగానా? అడగలేదు. అప్లికేషన్ పెట్టించింది కూడా అతనే, ఇంట్లో ఖాళీగా ఉన్నావుగా, సరదాగా పెట్టు, అన్నాడు. వచ్చినప్పుడు ఎగిరాను, అతనూ ఎగిరాడు, కేకు తెచ్చాడు. ఆ తర్వాత రెండు నెలలుగా ఒక్కసారైనా వెళ్తాను అన్నానా? అనలేదు. కావాలి అన్నానా? అతనే అంటాడని చూస్తున్నాను. ఈ తలుపు వైపు చూస్తున్నాను.

తెరుచుకుంది. నైనిక. వదిన కూతురు, పన్నెండో క్లాసులోకి వెళ్తుంది వచ్చే యేడు, నాకంటే పొడుగు. వచ్చి పాత ఫ్రీజర్ మీద ఎక్కి కూర్చుని కాళ్లూపుతోంది, పరికిణీ కింద స్పోర్ట్స్ బూట్లు.

"అత్తా, ఒకటి ఇవ్వవా, ఐ యామ్ స్టార్వింగ్. ప్రసాదం అంతా స్వీట్."

"ఆగు, నోరు కాలుతుంది."

"నాకు సో హ్యాపీ అత్తా, నువ్వు వెళ్లవు కదా. మామ చెప్పాడు అందరికి."

గరిటె మూకుడు అంచుకి తగిలి చప్పుడైంది. "ఎప్పుడు చెప్పాడు?"

"ఇప్పుడే. లోపల. అంకుల్స్‌తో. నెక్స్ట్ ఇయర్ చూద్దాం, ఈ ఇయర్ ఇక్కడే ఉంటది, నైనికకి కాలేజ్ ఎస్సేస్ హెల్ప్ చేస్తది అని." గారె తుంపి ఊదుకుంటోంది. "మై ఫ్రెండ్స్ కూడా వస్తారు. ఫైవ్ మంది. సాటర్డేస్, బేస్‌మెంట్‌లో. మామ్ ఆంటీలకి ఎప్పుడో చెప్పేసింది. అదే కదా అది." బూటు కొనతో అట్టపెట్టెని చూపించింది. "వైట్‌బోర్డ్. నీ కోసం. మామ పిక్ చేశాడు సైజు."

"ఓహో. టీవీ అనుకున్నాను."

"టీవీనా? నో వే. మామ్ టీవీ కొనదు నా ఎస్ఏటీ ఎగ్జామ్ అయ్యేదాకా." నవ్వింది. నేనూ నవ్వాను, నవ్వు ఇంకా వస్తోంది నాకు, ఆశ్చర్యం. "అత్తా, నీ మమ్మీ కూడా ప్రొఫెసర్ కదా, అందుకే నువ్వు అంత బాగా చెప్తావ్. ఇట్స్ లైక్, ఇన్ ద ఫ్యామిలీ."

ట్రే ఒకటి నింపి ఇచ్చి పంపాను. తలుపు మోచేత్తో తోసుకుని వెళ్లింది, లోపలి నవ్వులు ఒక్కసారి గుప్పుమని ఆగిపోయాయి.

కిందటి ఆదివారం. పెట్టె కిందటి ఆదివారానికే ఇక్కడ ఉంది. అంటే ఇంకా ముందే తెప్పించారు. పొద్దున కార్లో అక్కతో ఒక మాట అనుకుని చెప్తాను అన్నప్పుడు సీటు వెచ్చగా ఉంది, నా చేతి మీద చెయ్యి వేశాడు, సైజు అప్పటికే ఎంచి ఉన్నాడు. అబద్ధం కాదు, ఇది కూడా అబద్ధం కాదు, అక్కతో మాట అనుకోకుండా ఉంటాడా. గారెలు మాడుతున్నాయి, తీయి. తీశాను. ఇంకో రకం ఆడవాళ్లు ఉండేవారు ఆ నవలల్లో, ఆ రోజు బల్ల దగ్గర చెప్పడం మర్చిపోయాను, వాళ్ల మీదే రాయాలనుకున్నాను కూడా. పెద్దిళ్లలో ఉండి పిల్లలకి చదువు చెప్పే పంతులమ్మలు. చదువుకున్నవాళ్లు కాబట్టి వంటింట్లో నౌకర్లతో కూర్చోరు, జీతగాళ్లు కాబట్టి దొరగారి బల్ల దగ్గర కూర్చోరు, చుట్టాలొచ్చిన రోజు వాళ్ల భోజనం పళ్లెంలో పెట్టి గదిలోకి పంపుతారు. రెండు మెట్ల కింద, ఒక తలుపు ఇవతల. నేను అక్కడే బతుకుతున్నానని తెలియకుండానే అక్కడి గురించి ఎంత బాగా మాట్లాడానో ఆ బల్ల దగ్గర. అమ్మకైనా నయం, జీతం ఉంది, సెలవుంది, యూనియన్ ఉంది, పని ఏదో పేరూ అదే. నా చదువుకి ఇక్కడ, లోకేష్ మీద ఆధారపడ్డ నా వీసా ప్రకారం, జీతం పుచ్చుకోకూడదు, ప్రేమతో చెప్పాలి. ప్రేమగానే ఇస్తున్నారు అన్నీ, సబ్బు, కొడుకు, కోటు, బోర్డు. విసుక్కుని ఇచ్చి ఉంటే ఎంత తేలికయ్యేది. ఆ కథల్లో పనిపిల్లకి పెళ్లయ్యాక ఏమైందో ఎవరూ సరిగ్గా రాయలేదు. పొరుగువాళ్లు చూసి మెచ్చుకున్నారని రాశారు, కృతజ్ఞతతో బతికిందని రాశారు. ఎన్నేళ్లు? కృతజ్ఞత ఎంతసేపు వేయించాలి, ఏ రంగు వచ్చేదాకా? నూనె నల్లబడుతోంది. సందులోంచి వచ్చే వెలుతురు బూడిదరంగులోకి దిగింది. పాదాలు తెలియడం లేదు.

"చందూ." వచ్చాడు. పట్టు లాల్చీ మీద కుంకుమ మరక, చేతిలో నాకోసం కాగితం పళ్లెంలో ప్రసాదం, పైన చిన్న అరటిపండు ముక్క నవ్వుతున్న నోరులా పెట్టి తెచ్చాడు, అలాంటివి చేస్తాడు. తలుపు జాగ్రత్తగా వెనక్కి మూశాడు. "లోపల అందరూ నీ గారెల మీద పడ్డారు. బావగారైతే నిన్ను అడాప్ట్ చేసుకుంటాడట."

"చెప్పేశావటగా అందరికీ."

మొహం కొంచెం మారింది, అంతలోనే సర్దుకుంది. "నైనికా? దాని నోరు ఆగదు. నేనే చెప్దామనుకున్నా, నిజంగా. చూడు, అక్క చెప్పింది కూడా కరెక్టే. నువ్వు స్టూడెంట్ వీసాకి మారితే మన గ్రీన్ కార్డ్ ఫైలింగ్‌కి ఏదైనా ప్రాబ్లం అవుతుందేమో. ఈ ఒక్క ఇయర్. డిఫర్ చేద్దాం. నెక్స్ట్ ఇయర్ నేనే దగ్గరుండి దింపుతా."

"డిఫర్ ఒప్పుకోరు లోకేష్. మార్చిలోనే అడిగితే చెప్పారు. మళ్లీ మొదట్నించి పెట్టాలి."

"మళ్లీ వస్తుంది నీకు. నీకు రాకపోతే ఎవరికొస్తుంది?" అరటిపండు ముక్క తీసి నా నోటి దగ్గర పెట్టాడు. చేతులు పిండితో ఉన్నాయి కదా. తిన్నాను. తియ్యగా ఉంది, కర్పూరం వాసన. ఇక్కడ ఆపేయొచ్చు. ఇక్కడ ఆపేస్తే ఈ మొహం ఇలాగే ఉంటుంది, ఈ కళ్లు, ఈ వంకర నవ్వు, నేను ఎంత ప్రేమించానో దీన్ని, రేపు పొద్దున సీటు వెచ్చగా ఉంటుంది, జేబులో చాక్లెట్ ఉంటుంది. నమిలి మింగాను.

"నాకు కావాలి," అన్నాను.

"ఏంటి?"

"ఆ సీటు. నాకు కావాలి. వెళ్తాను."

పెళ్లయ్యాక మొదటిసారి అన్నాను ఆ మాట, పుట్టాక మొదటిసారేమో కూడా, గొంతు నాది కాదనిపించింది, కొంచెం అమ్మ గొంతు. లోకేష్ అరవలేదు. అరిచే మనిషి కాదు. పళ్లెం పట్టుకుని నన్ను చూస్తూ నిలబడ్డాడు, కొత్తగా, ఇంటికి ఎవరో పొరపాటున వస్తే ఎవరు కావాలండీ అని అడిగేముందు చూసే చూపు. ఆ చూపు నాకు తెలుసు. ఎన్ని పుస్తకాల్లో చదివానో, రెండో రకం ఆడదాన్ని మొదటిసారి గుర్తుపట్టినప్పుడు చూసే చూపు.

"అమ్మకేం చెప్పాలి?" అన్నాడు, చాలా మెల్లగా. "మా అమ్మ నీ గురించి... ఇంత చేశాక కూడా, చందూ. నువ్విలా ఉంటావనుకోలేదు."

"ఎలా?"

లోపల్నించి వదిన గొంతు, "లోకేష్, గారెలు ఏమయ్యాయి రా?" వస్తున్నానక్కా అన్నాడు. నిండిన ట్రే ఒక చేత్తో తీసుకున్నాడు. ప్రసాదం పళ్లెం బల్ల మీద పెట్టాడు, వేయలేదు, విసరలేదు, పెట్టాడు. మెట్లెక్కి, "మిగతావి కూడా కానిచ్చెయ్యి. వెయిట్ చేస్తున్నారు," అన్నాడు, అటు తిరిగే. తలుపు తెరిచి, వెళ్లి, వాసన లోపలికి రాకుండా మూశాడు. గడియ దానంతటదే పడింది.

చేతులు కడుక్కోవడానికి ఇక్కడ కుళాయి లేదు. మేకు మీది కోటు లోపలి గుడ్డకి తుడుచుకున్నాను, జేబులోంచి ఫోను తీశాను. వేలిముద్ర పట్టలేదు, నూనె. ఇంకోసారి, ఇంకో వేలు. యూనివర్సిటీ వాళ్ల పేజీ పొద్దుటి నుంచీ తెరిచే ఉంది, రెండు గుండ్రాలు, చేరతాను, చేరను, ఒకదాంట్లో చుక్క పెట్టాలి. పెట్టాను. ఫోను తెర మీద రంగురంగుల కాగితం ముక్కలు పై నుంచి రాలాయి, ఎర్రవి, పచ్చవి, చప్పుడు లేకుండా, వాళ్లే అలా పెట్టినట్టున్నారు చేరినవాళ్ల కోసం. ఎంత ముచ్చటగా ఉందో. చూపించడానికి తలెత్తాను. తలుపు మూసి ఉంది.

కాగితం ముక్కలు రాలడం ఆగిపోయింది. పిండి ఇంకా సగం ఉంది, నానిపోయి పలచబడుతోంది, చిల్లు నిలవడం లేదు. అయినా వేశాను, ఒకటి, పక్కన ఇంకొకటి. నాలుగు వందల మంది పిల్లలు తిని లేచేదాకా అమ్మ పచ్చి మంచినీళ్లు కూడా తాగేది కాదు, నన్నూ ముట్టుకోనిచ్చేది కాదు, ముందు వాళ్లది అవనీ అనేది. ఎర్రబడగానే ఒకటి తీశాను చిల్లుల గరిటెతో. కాగితం మీద పెట్టలేదు, ట్రేలో వేయలేదు. నిలబడే నోట్లో పెట్టుకున్నాను. మధ్యలో పచ్చిగా ఉంది. నాలుక కాలింది, కళ్లలో నీళ్లు తిరిగాయి, ఉమ్మలేదు.